ళ

నేను బొమ్మలు చూడనీకి పోలేదు.
ఫ్లెక్సీ బాకీ మూడొందలు రావాలె,
అందుకు పోయిన.

పాలమూరు క్లాక్ టవర్ దాటినంక
పాత మీటింగు హాల్ల బొమ్మల ప్రదర్శన.
గేటుకు నేను కొట్టిచ్చిన బ్యానరే,
పదిహేనడుగులు, నీలం మీద పసుపచ్చ.
బాకీ ఇచ్చే సారు
ముఖ్య అతిథి కోసం ఫోన్ల ఉన్నడు.
"చాయ్ తాగు తమ్మీ, బొమ్మలు చూడు" అన్నడు.
చాయ్ రాలేదు.
చూసిన.

తుంగభద్రను ఎవరో వంకాయ రంగుల ముంచిండ్రు.
కోయిలకొండ గుట్ట తలకిందులు వేలాడుతుంది,
తగిలిచ్చినోడి తప్పో, గీసినోడి తెలివో.
ఒక దున్న. కింద చీటీ: ముప్పై అయిదు వేలు.
మా బావ నిజం దున్నను మొన్న జడ్చర్ల అంగట్ల
అంతకు తక్కువకే అమ్ముకొచ్చిండు.

హాలు ఊడ్చే సోమ్లి
లంబాడీ పిల్ల బొమ్మ ముందర చీపురు ఆపి
రైకకు కుట్టిన అద్దాల్ల చానసేపు వెతికింది.
"ఇన్ని అద్దాలున్నయి గని
ఒక్కదాంట్ల గూడ ఎవ్వరు లేరు సారూ."
నేను సారును కాను. అయినా తలూపిన.

ఆఖరు గోడ కాడ
తెల్లచొక్కా వీపు మీద ఎన్నడో ఎండిన ఎనామిల్ మరక.
కావలి అంజిలయ్య. అంజి ఆర్ట్స్.
నా పన్నెండో ఏట చేతికి బ్రష్షిచ్చిన మనిషి.

ఎరువుల బస్తా, నువ్వుల నూనె,
టూరింగ్ టాకీసు రాజు మీసం,
ఎలక్షనొస్తే ఒక్క రాత్రిల నాలుగు పార్టీల గుర్తులు,
ఒక్కటే బ్రష్షు, నడుమ నడుమ కిరసనాయిలుల కడిగి.
నాకు మొదలు నేర్పింది సున్నం కొట్టుడు.
తర్వాత 'అ'కు పొట్ట ఎక్కడ నిండుతదో.
తర్వాత నేను మిషను కొన్న.
ఆయన గోడలు నా గుడ్డ కిందికి వొయినయి.
కొట్లాట ఏం కాలే.
ఎదురొస్తుంటే నేనే బండి వేరే సందుల తిప్పుతుంటి.

ఆయన బొమ్మను చూడట్లేదు.
అంచును చూస్తున్నడు, రంగు ఆగిన కాడ.
ముక్కు దగ్గరికి వెట్టిండు.
"తాతా, ముట్టద్దు" అన్నడు కమిటీ పిల్లగాడు.
"ముట్టలే బిడ్డా, వాసన చూసిన. దానికీ టికెటా?"

నా దిక్కు తిరిగిండు, నిన్న గూడ కలిసినట్టే.
"గేటు కాడిది నువ్వు కొట్టిందేనా?"
"ఆ."
"కళను కల జేసినవ్ కదరా."

ఉరికి చూసిన.
చిత్రకలా ప్రదర్శన.
మూడు రోజుల నుంచి
కాలేజీ పిల్లలు, పేపరోళ్లు, జీపులల్ల ఆఫీసర్లు
దాని కిందికెళ్లే వచ్చిపోయిండ్రు.
అందరు కలలకే వచ్చిండ్రు,
ఒక్కరికీ మెలకువ రాలే.

"మళ్ల కొట్టిస్త."
"ఒక్క అక్షరమే గద."
లోపల పిల్లల పోటీల కాడికెళ్లి
పసుపచ్చ డబ్బా, బుడ్డ బ్రష్షు తెచ్చిండు.
స్టూలు నేను పట్టుకున్న
ముప్పై ఏండ్ల కింద పట్టుకున్నట్టే, మోకాలు ఆనిచ్చి.
చెయ్యి వణుకుతుంది.
బ్రష్షు గుడ్డకు తగిలినంక వణుకు లేదు.
'ల'ను చెరపలే,
దాన్లకెళ్లే ఒక గీత తీసి మలిపిండు.
మిషను పసుపుకు, ఆయన పసుపుకు పొంతన కుదరలే.
దూరం నుంచి చూస్తే
అదొక్కటే రాసినట్టున్నది.

ముఖ్య అతిథి వచ్చిండు. శాలువలు కప్పుకున్నరు,
వాళ్లకు వీళ్లు, వీళ్లకు వాళ్లు.
అభిప్రాయాల బుక్కుల నలభై మంది బడి పిల్లలు
"చాలా బాగున్నది" అని ఒకే దస్తూరిల రాసిండ్రు.
సారు రెండొందలిచ్చిండు. వంద మళ్ల అన్నడు.

పొద్దుగూకినంక బ్యానరు దించిన.
మా బావకు పల్లికాయ మీద కప్పనీకి పనికొస్తది.
రంగు ఇంకా ఆరలే,
మడిస్తే పక్క అక్షరానికి అంటుకుంటది.
ఆ కొస ఆయన, ఈ కొస నేను,
తడి చీర పట్టుకున్నట్టు పట్టుకొని
రోడ్డు మీదికొచ్చినం.
కొల్లాపూర్ బస్సు హారన్ కొట్టి కొట్టి ఆగింది.

"సందులకు తిప్పకురా" అన్నడు అంజిలయ్య,
"గాలి అటుకెళ్లి వస్తుంది."