తేమ పంతొమ్మిది

గోదాంల ఎలుక
కంప్యూటర్ ఎలుక తోక కొరికింది.
యాసంగి కొనుగోళ్ల నడిమిట్ల,
మాడ్గులపల్లి వడ్ల సెంటర్ల,
రేకుల షెడ్డు కింద
రెండువందల పదకొండు పేర్లు ఎక్కియ్యాల్సి ఉండంగ.

కొత్తది కావాలంటె మిర్యాలగూడ పోవాలె,
పోతె పూట పోతది.
లారీ నిలబడ్డది. హమాలీలు బీడీలు ముట్టిచ్చిన్రు.
స్వరాజ్యమక్క రిజిస్టర్ చంకల వెట్టుకోని
మబ్బు దిక్కోసారి, నా దిక్కోసారి చూస్తాంది.

జిరాక్స్ షాపు రియాజ్‌కు ఫోన్ కొడితె నవ్విండు.
"ఎలుకెందుకక్కా, పది వేళ్లున్నయి గద!
కంట్రోల్ పట్టుకో, కింది బాణం కొట్టు,
ఆఖరి రైతు కాడ దిగుతవు."

కొట్టిన.
నిజంగనే దిగిన,
నల్గొండల బస్సెక్కి కన్ను మూసి తెరిచేసరికి
సాగర్ల దిగినట్టు.
నడుమ హాలియా ఏమైందో తెల్వది.

ఎఫ్ టు కొడితె గడి తలుపు తెరుసుకుంటది,
ఎస్కేప్ కొడితె ఏం ఎరగనట్టు మూసుకుంటది.
ట్యాబ్ పక్కింటికి, ఎంటర్ కిందింటికి,
షిఫ్ట్ పట్టుకుంటె వచ్చిన తొవ్వనే ఎనుకకు.

మూడోనాటికి వేళ్లకు తొవ్వ ఎరుకైంది.
చిన్నప్పుడు మా అమ్మ నాటేస్తుంటె చూసిన:
మొకం పక్క మునుం ఆమెతోని ముచ్చట్ల ఉండేది,
చెయ్యి మాత్రం బురదల తన పని తను చేసుకుంట పోయేది.
గట్లనే నేనూ
జానిమియాకు జవాబు చెప్పుకుంటనే
ఆయన ఆధార్ నంబరు కొట్టేస్తున్న.
"రైలు టికెట్లిచ్చేటాయన లెక్క కొడ్తవు బిడ్డా" అన్నడు.
ఉబ్బిన. అబద్ధమెందుకు.

నాలుగోనాడు పొద్దూకంగ రియాజ్ ఇంకోటి నేర్పిండు.
మీది గడిల రాసి, కిందిదాంక పట్టి, కంట్రోల్ డి.
రాసింది రాసినట్టు కిందికి కారుతది,
చూరు నీళ్ల లెక్క.
తేది కారింది.
సెంటర్ పేరు కారింది.
ధర కారింది.
ఆ ఊపుల
తేమ గూడ కారింది.

తెల్లారి ముత్తిలింగం వచ్చిండు.
తిట్టలే.
తువ్వాల కొస ముడి ఇప్పి
గుప్పెడు వడ్లు కీబోర్డు మీద పోసిండు.
"నమిలి చూడు."
నమిలిన. పటుక్కున ఇరిగింది గింజ.
"పద్నాలుగు. మిషన్ల నువ్వే జూసినవు.
మరి ఈ పంతొమ్మిది ఎవలియి?"

మీది గడిల జానిమియావి.
కాల్వ ఎంబడి మడి, మొన్నటి వానకు నానినయి.
ఆ తడిని ముప్పై ఎనిమిది కుప్పల మీద
నేనే చల్లిన, ఒక్క ఏలితోని.
బస్తాకు రెండు కిలోల తరుగు.

కంట్రోల్ జడ్ కొట్టిన.
రాత్రి ఫైలు మూసి పోయిన గద,
నిన్నటిది దానికేం యాదికి లేదు.

రిజిస్టర్ ముంగటేసుకున్న.
ఎఫ్ టు. అంకె. ఎంటర్.
పదిహేను. పదహారున్నర. పద్నాలుగు.
ఒక్కొక్కల ఎండ ఒక్కొక్క తీరు:
ఒకలు తారు రోడ్డు మీద ఆరబోసిన్రు, ఒకలు బండ మీద,
సైదమ్మ నడిజామున లేసి కాళ్లతోని తిరగేసింది,
ఆమె నిద్ర గూడ ఆ పదిహేనులనే ఉన్నది.

ముత్తిలింగం పక్కన స్టూలు మీద కూసున్నడు.
తెర మీద రాత ఆయనకు రాదు,
కీబోర్డు చప్పుడే ఇంటున్నడు.
ఆగినప్పుడల్లా, "ఇది నాదేనా?"
"కాదు తాతా, ఇంకో పన్నెండున్నయి."
"కానీ బిడ్డా. ఉరకకు."

శనివారం కొత్త ఎలుక వచ్చింది,
డబ్బాలనే ఉన్నది.
కంట్రోల్ డి ఇప్పటికీ కొడుత,
తేదికి, ఊరికి, ధరకు.
తేమ కాడికి వచ్చేసరికి
ఎడమ చిటికెనేలు దానంతటదే పైకి లేస్తది.

డి మీట కింద ముత్తిలింగం వడ్లగింజ ఒకటి ఇరికింది.
నొక్కినప్పుడల్లా కొంచెం గరుకు తగులుతది.
తియ్యలే.