పులుపు

మెడికల్ కాలేజీల గాజుసామాను కడిగేటోన్ని నేను, ఓదెలు.
ముప్పై నాలుగేండ్లల్ల పలగ్గొట్టినవి పదకొండు.
రాసిపెట్టుడు ఆమె నేర్పిందే.

ఒక ఎండకాలం కాజీపేటల రైలు దిగింది.
తెల్లజుట్టు, మొగోళ్ల బూట్లు,
చంకల గడ్డి చుట్టిన గాజునాళికల పెట్టె.
పేరు వినిఫ్రెడ్డట.
రిక్షా కట్టయ్య నోట్లె వినపడమ్మ అయింది.

కేంబ్రిడ్జిల మొగపిలగాండ్లతోని ఒక్క తీరె పరీక్ష రాసిందట.
వాళ్లకు గౌను తొడిగి పట్టా చేతికిచ్చిండ్రు,
ఈమెకు టప్పాల కాయితం పంపిండ్రు.
ఇరవై రెండేండ్లు కప్పకాలి కండ ముందట కూసున్నది.
కొలువు లేదు, తలుపు మీద పేరు లేదు,
ఏడాదికోసారి దయతలిచి ఇచ్చే పైసలు.
"టెంపరరీనే ఓదెల్, నీ లెక్కనే" అన్నది.
నేను అప్పటికి తొమ్మిదేండ్ల డైలీ వేజీని.
ఇద్దరం నవ్వినం. నల్లా కారుతనే ఉన్నది.

హన్మకొండ పోయే చడావుల
కట్టయ్య సీటు దిగి గుంజుతుంటే
ఆమె గూడ దిగి ఎనుకనుంచి నెట్టింది.
మీదికెక్కినంక అడిగింది, ఏమైతుంది కాళ్లల్ల?
"పులిసినయమ్మా."
నాకొచ్చిన ఇంగ్లీషుల చెప్పిన:
కాళ్లు పుల్లగయినయట, పెరుగు తీరు.
నడిరోడ్డు మీద నిలబడిపోయింది.
లారీ హారన్ కొట్టింది, ఇనలే.
"ఎవరు చెప్పిండ్రు ఈయనకు?"

అలిసిన కండల పుట్టేది,
తోడుకున్న పాలల్ల పుట్టేది
ఒక్కటే యాసిడట.
దాని ఎంబడి పడే ఆమె కండ్లు పోయినయి.
నాటేసి వచ్చిన రాత్రి నడుము పట్టుకొని
మా అవ్వలు ఎన్నడి సంది అంటున్నరో ఆ మాట.
నాతోని నోటుబుక్కుల తెలుగుల రాయించుకున్నది.
కింద తేదీ, కట్టయ్య పేరు, నా పేరు.

వేలికొసన నెత్తురు చుక్క ఇచ్చి కట్టయ్య అడిగిండు:
"నొప్పికి పేరు దొరికె గదమ్మా,
కిరాయి ఎప్పుడు పెంచుతరు?"
నేను తర్జుమా చెయ్యలే.
ఆమె నా మొఖం చూసింది.
ఆ దినం డబుల్ ఇచ్చింది.
ఇచ్చి, అది జవాబు గాదని తెలిసినట్టు
గొడుగు తెరిచింది, మూసింది.

రెండు ఎండకాలాలుండి పోయింది.
నాకు పర్మినెంటు ఆర్డరు వచ్చిననాడు
కట్టయ్య లేడు.
ఆమెకు కార్డు రాసిన. జవాబు రాలే.

ఇప్పుడు నా మోకాళ్లు మెట్లెక్కయి.
పొద్దుగాల మనుమరాలు గిన్నె మూత తీసి వాసన చూస్తది,
"తాతా, పులిసింది" అంటది.
ఏది బిడ్డా, అని అడుగుత.