నీలం బాకీ

మ్యూజియం నుంచి వచ్చినాయన
చలికోటు విప్పకుండానే అడిగాడు:
"ఆ పసుపు పచ్చని ఏడేళ్ల గురించి మీకేమైనా తెలుసా?"
కాఫీ దించి
మా నాన్న చిట్టా తెచ్చి బల్ల మీద పెట్టాను.

గెంట్ నగరంలో, చేపల మార్కెట్ వెనక సందులో
మాది రంగుల కొట్టు.
నాన్న ఒడిలోన్ చేతిరాత చీమల బారు.
ఇంకెవరి పేరునా ఇన్ని పేజీలు లేవు.
లీవెన్ దెస్కాంప్, చిత్రకారుడు
అని మొదట రాసి
ఎప్పుడో విసుగొచ్చిన రోజున
"చిత్రకారుడు" కొట్టేసి "బాకీదారు" అని దిద్దాడు.

అతను లేయ్ నది ఒడ్డువాడు.
అక్కడ వేసవిలో అవిసె కట్టలు నీళ్లలో ముంచి
బరువు పెడతారు, కాడ కుళ్లి నార వదిలేదాకా.
ఊరంతా అదే కంపు. రొట్టెకీ, దుప్పటికీ,
చర్చిలో పాడే పిల్లల జుట్టుకీ.
వాళ్ల నాన్న నడుంలోతు నీళ్లలో కట్టలు తిప్పి తిప్పి
ముప్పై ఆరేళ్లకే ముసలాడయ్యాడట.
లీవెన్ కొట్లోకొస్తే ముందు ఆ వాసన వచ్చేది,
తర్వాత అతను,
మాట మాత్రం చాలాసేపటికి.

"గుడ్డ అవిసె నార, నూనె అవిసె గింజ,
బొమ్మ చూస్తే అవిసె చేను.
ఇందులో నేను చేసిందేముంది ఒడిలోన్?
ఎక్కడివాటిని అక్కడికి చేర్చాను, అంతే."
నాన్న నవ్వలేదు.
"నూనె రెండు ఫ్రాంకులు" అన్నాడు.

యుద్ధంలో జర్మన్లు మా నూనె పీపాలు దొర్లించుకుపోయారు.
ఆ నాలుగేళ్లూ అతని పేజీ నిండా
దీపం మసి, కాల్చిన ఎముకల నలుపు.
ఒకచోట మాత్రం:
"బంగాళాదుంపలు, అర బస్తా. రాయొద్దంది క్లెమెన్స్."
క్లెమెన్స్ మా అమ్మ.
రాయొద్దన్న మాటను కూడా రాసిపెట్టే మనిషి నాన్న.

ఇదిగో, ఈ పేజీ చూడండి. ఇరవై ఒకటి, జూన్.
"కోబాల్ట్ నీలం నాలుగు గొట్టాలు అడిగాడు. ఇవ్వలేదు."
నాకు తొమ్మిదేళ్లు. కుంచెలు సైజులవారీగా సర్దుతున్నాను.
అవిసె పూసిందన్నాడు.
పొద్దున్నే విచ్చుకుని మధ్యాహ్నానికి రాలిపోయే పువ్వన్నాడు,
చేనంతా ఆకాశం ఒలికినట్టుందన్నాడు.
అంత పెద్ద మాట అతను అంతకుముందెప్పుడూ అనలేదు.
నాన్న గోడ మీది అట్టముక్క చూపించాడు: అరువు రేపు.
"రేపటికి పూలుండవు" అన్నాడు లీవెన్.
కాసేపు నిలబడి,
అన్నిటికన్నా చవకైన పసుపు మట్టిరంగు తీసుకుని
ఉన్న చిల్లర లెక్కపెట్టి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఏడేళ్లూ అదే రంగు.
అన్నీ మిట్టమధ్యాహ్నపు చేలే,
పువ్వు రాలిపోయాక.
మీ పుస్తకాల్లో దానికేదో వేదాంతం రాశారట,
మా మనవడు చదివి వినిపించాడు. బాగుంది.

ఇరవై ఎనిమిదిలో ఊపిరితిత్తుల్లో నీరు చేరి పోయాడు.
వాళ్ల అక్క ఒక బొమ్మ మోసుకొచ్చింది, బాకీ కింద.
నాన్న మూరకొలతతో కొలిచి
"నలభై మూడు ఫ్రాంకులు, చెల్లు" అని రాసుకుని
గోడ చెమ్మగిల్లిన చోట తగిలించాడు.
అదే, మీ వెనకాల ఉన్నది.

ఆయన భూతద్దం తీశాడు.
"కాడల మధ్య ఈ చుక్కల్లో రంగే లేదే.
ఒట్టి గుడ్డ, బూడిదరంగు నార."
అవును. రెండడుగులు వెనక్కి రండి.
ఇంకొకటి. ఆ కుర్చీ జాగ్రత్త.

పసుపు పక్కన పడుకున్న ఆ ఒట్టి నార
రాలిన పూరేకుల్లా
నీలంగా, నిజంగా నీలంగా.

చాలాసేపు ఆయనేం మాట్లాడలేదు. నేనూ అంతే.
ఇద్దరి కాఫీలూ చల్లారిపోయాయి.

పైన పెద్దక్షరాల్లో మీ ఇష్టమొచ్చింది రాసుకోండి బాబూ.
అడుగున చిన్నగా మాత్రం
నీలం అరువివ్వలేదని రాయండి.
మా కొట్టు పేరుతో సహా.