కాంటా చిట్టీ

మార్చి నెలల ఎనుమాముల మార్కెట్ల
దగ్గనోడు ఎవడుంటడు?
అందుకే ఓదెలు దగ్గితే
మిర్చి ఘాటే అనుకున్నం.

మూడో రాత్రి ఒరిగితే ఊపిరాడలే.
గోడకు ఆనుకొని కూసోని
గాలిని బుక్కలు బుక్కలుగ మింగిండు.
మూతి తుడిచిన తువ్వాల మీద గులాబీ రంగు నురుగు.
మిరప పొట్టు కాదది. నేను వాసన చూసిన.

ఎంజీఎంల చిన్న డాక్టరు నిమోనియా అని రాసిండు.
ఎక్స్‌రేల గుండె మామూలుగనే ఉన్నది,
ఊపిరితిత్తులే నీళ్లల్ల నానినయి.
రాత్రి డ్యూటీ నుజ్‌హత్ మేడం మాత్రం
చెవులకు గొట్టం పెట్టుకొని శానసేపు వంగే ఉన్నది.
"ఛాతికి ఏమన్న తగిలిందా?"
లేదన్నడు.
హమాలీకి తగలనిది ఏముంటది, చెప్పుకోడానికి?

నాకు యాదికొచ్చింది.
నెట్టు మీదికెల్లి జారిన బస్తా
రొమ్ము మీద పడ్డది. ఎల్లెలుకల పడ్డడు.
లేచి, దులుపుకొని, మళ్ల అదే బస్తా ఎత్తుకున్నడు.

తెర మీద చూపిచ్చింది మేడం:
గుండె లోపల ఓ తలుపు,
దాన్ని పట్టుకునే దారాలల్ల రెండు తెగినయి.
ముంగటికి పోవాల్సిన నెత్తురు
ఎనుకకు, ఊపిరితిత్తుల మీదికి.
"పాత జబ్బయితే గుండె సాగి ఓర్చుకునేది.
ఇది మొన్నటిది. దానికింక అలవాటు గాలే."
దెబ్బకు గిట్ల తెగుడు ఏండ్లకోటి సుత చూడరట.

నేను బస్తాల మూతులు కుట్టేదాన్ని.
దబ్బనం, సుతిలి, ఇరవై రెండేండ్లు.
ఆపరేషనయినంక సర్జన్‌ను అడిగిన,
ఏం దారం సారూ అని.
నవ్వలే ఆయన.
తెల్లది, సన్నం, తెగదన్నడు.
పొడుగైతే కారుతది, పొట్టిగైతే గుంజుతది,
కొలత దొరుకుడే కష్టమన్నడు.
మిషన్ మీద పానం నిలిపి, గుండెను ఆపి,
దారాలు కట్టి, తలుపు చుట్టు రింగు కుట్టి,
నీళ్లు నింపి చూసిన్రట
చుక్కన్న ఎనుకకొస్తదా అని.
రొమ్ము బొక్కను మాత్రం స్టీలు తీగతోని.
అది నాకు రాని కుట్టు.

ఇప్పుడు ఓదెలు బరువెత్తడు.
నా పక్కన కూసోని దబ్బనానికి సుతిలి ఎక్కిస్తడు.
నా అంత జల్ది రాదు. ఎంగిలి చేసి చేసి నలుపుతడు.

"మా బస్తాతోనే అయిందని రుజువేంది?" అంటడు అడ్తిదారు.

ఆ బస్తా ఆ దినమే అమ్ముడువోయింది.
తేజ రకం. నలభై మూడు కిలోల ఆరువందల గ్రాములు.
కాంటా చిట్టీ నా కొంగు ముడిల ఉన్నది.
తారీఖున్నది, ధరున్నది, రైతు పేరున్నది.
ఎత్తినోని పేరుకు గడి లేదు.