సమోన్నత రేఖ

ఉప్పల్ ఆఫీసు మూడో అంతస్తులో
ఏసీ చలికి శాలువా కప్పుకొని
పదకొండేళ్లుగా కొండలు గీస్తున్నాను.
ఒక్కటీ ఎక్కలేదు.

గోధుమరంగు గీత పక్కన గోధుమరంగు గీత.
దగ్గరైతే నిటారు, దూరమైతే వాలు.
ఇరవై మీటర్లకొకటి.
ఆ మధ్యలో ఏముందో గీతకు పట్టదు,
ఇప్పచెట్టయినా, జొన్నచేనయినా,
బిందె దించి ఊపిరి తీసుకునే మనిషయినా.

మొన్న మంగళవారం
జేబీఎస్‌లో చీకటుండగానే దిగి
రెండు సిటీ బస్సులు మారి
సిడాం లేతుబాయి వచ్చింది.
వెంట తొమ్మిదో తరగతి మనవడు,
వాడి చేతిలో పాలిథిన్ కవరు,
కవర్లో ఏడు అర్జీలు.
ఏడింటి మీదా ఒకటే ఎర్రసిరా:
"సదరు పేరుగల గ్రామము రికార్డులందు లేదు."

వాగు గుర్తు చెప్పింది, గుట్ట గుర్తు చెప్పింది.
వెతికితే నా తెర మీద దొరికింది.
చిన్న నల్లచుక్క. పక్కన భీముగూడ.

"భీము మా మామ" అంది.
"సచ్చి ఇరవై ఏండ్లాయె.
పటేల్ పోతే మాకు ఊరిపేరు గూడ పోతది.
కొత్త పటేల్ పేరే ఊరిపేరు.
నా పెనిమిటి పటేలయిండు, జైతుగూడ అయింది.
ఆ పేరుతోనే రోడ్డు కావాలని రాసినం.
జవాబొచ్చే యాళ్లకు జైతు గూడ పోయిండు."

మరి ఇప్పుడు మీ ఊరిపేరు?

మనవడు నా చెప్పుల వైపు చూశాడు.
"ఇంకా కూసోలె మేడం.
రోడ్డు రాకుంటే తిడ్తరని
ఎవ్వలూ పటేల్ కామంటున్నరు."

జిల్లా రెండుసార్లు మారింది
గూడెం అంగుళం కదలకుండానే.
ఓటు వాగుకు ఇవతల, బియ్యం వాగుకు అవతల.
పోలీస్ స్టేషన్ ఇంకో మండలంలో.
ఇంటి వెనక చిక్కుడుపాదు ఫారెస్టు వాళ్లది.
జైతు జబ్బుపడ్డది ఒక జిల్లాలో,
చచ్చిపోయింది ఇంకో జిల్లాలో,
మంచం మాత్రం అదే.

మా ఖాజా సార్ కళ్లద్దాలు తుడుచుకుంటూ చెప్పారు:
పేరు మార్చాలంటే మనిషి వెళ్లి చూడాలి,
వెళ్లాలంటే జీపు పోవాలి,
జీపు పోవాలంటే రోడ్డుండాలి.
చెప్పాక ఆయనే కాసేపు మాట్లాడలేదు.
ముగ్గురికీ చాయ్ తెప్పించారు.

లేతుబాయి సాసర్లో పోసుకుని తాగి
తెర దగ్గరికి ముఖం పెట్టింది.
నేను గీసిన నీలంగీత మీద గోరు ఆనించి
"గీ వాగు గిట్ల పోదు బిడ్డా.
పెద్దవాన పడ్డప్పటి సంది
గీ బండను సుట్టి పోతది" అని
గాజు మీద, చాయ్ తడివేలితో,
వాగును కొత్తదారిన నడిపించింది.

తర్వాత అడిగింది: మా గూడెం ఎంత ఎత్తుల ఉన్నది?
ఐదువందల గీత పక్కనే, అన్నాను.
మరి మీ ఆఫీసు?
అడిగినవాళ్లు లేరు ఇంతవరకు.
చూశాను.
ఓ పదిమీటర్లు అటూ ఇటూగా
ఇద్దరం ఒకటే ఎత్తు.

"మరి మమ్ముల గుట్టమీదోళ్లని ఎందుకంటరు?"

కొండల్ని సముద్రం నుంచి కొలుస్తాం,
అని మొదలుపెట్టి ఆగిపోయాను.
ఆమె పద్నాలుగు కిలోమీటర్లు నడిచి
బస్సెక్కి వచ్చిన మనిషి.
ఆమెను కొలిచింది సముద్రం నుంచి కాదు.

సాయంత్రం వాళ్లు వెళ్లాక
భీము పేరు చెరిపాను.
ఖాళీగా వదిలితే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు.
ఏదో ఒకటి రాయండి, అంటుంది.
పేరు గడిలో ఒక చుక్క పెట్టి సేవ్ చేశాను.
తెర ఆపేస్తే నల్లగాజు మీద
వాగొక్కటే మిగిలింది, తీపిగా, జిగటగా.

పొద్దున నేను వచ్చేసరికి
ఊడ్చే యాదమ్మ తడిగుడ్డతో
బల్లలన్నీ, తెరలన్నీ శుభ్రంగా తుడిచేసింది.
కంప్యూటర్ పెట్టాను.
నీలంగీత ఎప్పటిలాగే
బండకు ఇవతలినుంచే పారుతోంది.