జువైలా తలుపు

ఈ రోజు మాట్లాడేది నేను.
నాన్న దవడకి గళ్ల రుమాలు బిగించుకుని
గుంపు వెనకాల, టిక్కెట్టు కొన్నవాడిలా నడుస్తున్నాడు.
మూడు రోజులుగా పన్ను.
ముప్పై ఏళ్లు కైరో మొత్తాన్ని పలికిన నోరు
శుక్రవారం మధ్యాహ్నపు కొట్టులా మూసుకుంది.
పీకడానికి డాక్టరు అడిగింది నాలుగు గుంపుల సంపాదన.
ఆ లెక్క ఆయన నాకు చెప్పలేదు, చీటీ చూశాను.

ఫుతూహ్ ద్వారం దగ్గర మనుషుల్ని లెక్కపెట్టాను.
ఎనిమిదికి తొమ్మిదొచ్చారు.
నాన్ననీ కలిపేశాను.
"ఎండ ముదరకముందే బయల్దేరదాం" అన్నాను,
ఆయన వాక్యమే, ఆయన దగ్గేచోటే దగ్గి.

హాకిం మసీదులో చలవరాయి
రాత్రి చల్లదనాన్ని పాదాల కోసం ఇంకా దాచి ఉంచింది.
లియోన్ నుంచి వచ్చిన పెద్దాయన
చెప్పులు చేత్తో పట్టుకుని
బడి ఎగ్గొట్టిన పిల్లాడిలా నవ్వాడు.
కట్టిన ఏడాది తప్పు చెప్పాను.
వెనక చేతికర్ర రెండుసార్లు నేలని కొట్టింది.
దిద్దుకున్నాను.

అక్మర్ మసీదు దగ్గర మాత్రం కర్ర లేవలేదు.
"దీని ముఖం వీధి వైపు. లోపల నమాజు మక్కా వైపు.
రెండూ ఒకే దిక్కు కావు.
అందుకే ఈ గోడ ఇటు సన్నం, అటు లావు.
వీధికీ దేవుడికీ ఉన్న తేడాని
మేస్త్రీలు రాతిలో పూడ్చేశారు."
నాన్నయితే "సర్దేశారు" అంటాడు.
పూడ్చేశారు అన్నది నా మాట.
తల తిప్పి ఆయన వైపు చూడలేదు.

సబీల్ దగ్గర, కింద బాటసారులకి నీళ్లు,
పైన అనాథలకి బడి.
"మనిషికి దాహాలు రెండే" అని నాన్న ఇక్కడ గొంతు తగ్గిస్తాడు.
నేను తగ్గించలేదు,
గ్యాసు సిలిండర్ల బండి హారన్ కొడుతోంది.

రాగి బజార్లో ఎవరం ఏమీ చెప్పం.
సుత్తుల ముందు ఏ గొంతూ నిలవదు.
అబ్దుల్ మౌజూద్ ఏదో మినారు కొసకి నెలవంక సాగగొడుతున్నాడు.
దెబ్బ పడ్డప్పుడల్లా నాన్న చెయ్యి దవడ మీదికి పోతోంది.

దినుసుల సందులో దమర్దాష్ ఏమీ అడగలేదు.
రుమాలు చూశాడు.
సీసాలోంచి ఒకే ఒక్క లవంగం తీసి నాన్న అరచేతిలో పెట్టాడు.
"అది మా దీవుల పంట" అంది జకార్తా అమ్మాయి.
"అయితే మీకంటే ముందే వచ్చింది,
దానికి గైడు కూడా అక్కర్లేకపోయింది" అన్నాడు దమర్దాష్.
నవ్వబోయి నాన్న కళ్లు మూసుకున్నాడు.

చివరికి జువైలా ద్వారం.
"ఈ తలుపు మేకులు చూడండి.
దీని వెనక ఒక వలీ కనపడకుండా కూర్చుంటాడని నమ్మేవాళ్లు.
పన్ను నొప్పి వస్తే
ఊడిన పన్ను తెచ్చి ఇక్కడ తగిలించేవాళ్లు,
గుడ్డపీలికలు కట్టేవాళ్లు."
నాన్నయితే ఇక్కడ పెదవి పైకెత్తి బోసి చిగురు చూపిస్తాడు,
"నాదీ ఉంది, వెతకండి!"
గుంపు గొల్లుమంటుంది.
ఆ నవ్వు కోసం అలవాటుగా ఆగాను.
ఎవరూ నవ్వలేదు.
నా పళ్లన్నీ ఉన్నాయి మరి.

అప్పుడు చూశాను.
రెండో రెక్క నీడలో, అందరి వీపుల వెనక,
నాన్న రుమాలు విప్పి
ఒక మేకుకి కడుతున్నాడు.
వేళ్లు వణుకుతున్నాయి, ముడి పడట్లేదు.
భుజం అడ్డం పెట్టి దాచుకుంటున్నాడు
ఈ కథ చెప్పి ముప్పై ఏళ్లు నవ్వించిన మనిషి.

"పైకి చూడండి!" అన్నాను, అక్కర్లేనంత గట్టిగా.
"ఆ జంట మినార్లు పక్క మసీదువి.
విడిగా పునాది తవ్వలేదు,
ఈ ద్వారం బురుజుల మీదే నిలబెట్టారు."
ఎనిమిది మెడలు వెనక్కి వాలాయి.
మెట్లెన్ని అని ఎవరో అడిగారు.
నాకు తెలీదు. నోటికొచ్చిన సంఖ్య చెప్పాను.
కర్ర చప్పుడు కోసం ఆగాను.
రాలేదు.
ఇంకో సంఖ్య చెప్పాను, ఒక సుల్తాను అలక చెప్పాను,
పావురాల గురించి చెప్పాను,
ఉన్నవీ లేనివీ,
ముడి పడేదాకా.