పొయ్యి ఆరిన వేళ

ఫిబ్రవరిలో, టెనెసీ కొండల పైన,
హోబర్ట్ హస్కీ చెక్క ఇంటి తలుపు
షెరీఫ్ మనుషులు విరగ్గొట్టారు.
గడియ లోపలి నుంచే వేసి ఉంది.
బల్ల మీద సుత్తి, సగం పగలగొట్టిన నల్ల వాల్‌నట్లు.
పొయ్యిలో చల్లారిన బూడిద.
గోడ గడియారం నడుస్తూనే ఉంది.
దాన్ని అడిగి లాభం లేదు.

నేను చూసే గడియారం వేరు.
చిన్నపేగు పెద్దపేగును కలిసే మూల
దూది పుల్లకి అంటినంత.
డెబ్బై రెండేళ్లు ఆయన ఉప్పు తిని
ఆయనలోనే కాపురమున్నవాళ్లు.
ఇంటాయన పోయాడని ఎవరూ కబురు చెప్పరు,
వాళ్లకే తెలుస్తుంది.
కొందరు పలచబడతారు, కొందరు గోడ దాటతారు.
ముందు కాలేయం, తర్వాత గుండె,
చిట్టచివరికి మెదడు.
మెషీను ఒక్కొక్కరి పేరూ చదువుతుంది.
ఎవరెందరు మిగిలారో చూసి
మేం రోజు చెబుతాం.

చెబుతాం అంటే,
వేసవిలో అయితే గట్టిగానే చెబుతాం.
చలికి వాళ్లూ ముడుచుకు పడుకుంటారు.
పొయ్యి ఎప్పుడారిందో తెలిస్తే లెక్క తేలుతుంది.
అది తెలిసినవాడు బల్ల మీద ఉన్నాడు.

శనివారం మధ్యాహ్నం నుంచి
సోమవారం అర్ధరాత్రి దాకా,
అని రాసి సంతకం పెట్టాను.

చెల్లెలు ఆర్డిత్ వచ్చింది.
ఒళ్లో గుడ్డలో చుట్టిన రొట్టె.
ఈస్టు దొరకని రోజుల్లో ఈ కొండల వాళ్లు నేర్చిన రొట్టె అది.
మొక్కజొన్న పిండీ పాలూ కలిపి
రాత్రంతా వెచ్చని చోట పెడతారు,
తెల్లారేసరికి పాత జున్ను కంపు కొట్టాలి.
కంపు రాకపోతే రొట్టె లేవదు.

"ఆదివారం సాయంత్రం ఆరింటికి ఫోన్ చేశాను.
పదకొండు సార్లు మోగింది.
క్రిస్మస్ నాడు కంచె దగ్గర మాటా మాటా అనుకున్నాం.
అప్పటికి ఉన్నాడా?
ఉండే ఎత్తలేదా?"

ఆదివారం ఆరు గంటలు.
నేను గీసిన రెండు గీతలకీ సరిగ్గా నడిమధ్య.
ఎటు జరిపినా అబద్ధమే.
ఏ జవాబు ఆమెకి ఓదార్పో కూడా తెలియలేదు.
పోయి ఉంటే, కోపం లేనట్టు.
ఉండి ఉంటే, ఇంకో పూట బతికినట్టు,
ఇంకో నాలుగు గింజలు కొట్టుకున్నట్టు.

"చెప్పలేనమ్మా" అన్నాను.
"మీ లెక్కలకి కూడా తెలీదా?"
"పొయ్యి ఎప్పుడారిందో తెలీదు."
ఆమె తలూపింది,
పొయ్యి సంగతి తెలిసిన మనిషిలా.
"తడి కట్టెలు. ఎన్నిసార్లు చెప్పినా వినడు."

రొట్టె నా చేతిలో పెట్టి వెళ్లింది.
ఆ రొట్టెని పొంగించినవాళ్లూ
నేను వారంగా లెక్కపెడుతున్నవాళ్లూ
ఒకే ఇంటిపేరు వాళ్లని
ఆమెకి చెప్పలేదు.

ల్యాబులో తినకూడదు. కారులో కూర్చున్నాను.
గుడ్డ విప్పితే అదే వాసన, కాస్త తియ్యగా.
ఓ మూల తుంచాను. లోపల ఇంకా వెచ్చగా ఉంది.
పొద్దున్నే దించి ఉంటుంది,
ఏ ఆరింటికో,
ఏడింటికో.